చేతికి తగ్గ తాళవాద్యం: కొనడం నుంచి శృతి నిలబెట్టుకోవడం దాకా

పిల్లాణ్ణి మృదంగం క్లాసులో చేర్చాలనుకునే తల్లిదండ్రులు, ఫోన్‌లో జెంబే అనే ఆఫ్రికా చేతి డోలు వీడియో చూసి మనసు పారేసుకున్న కాలేజీ కుర్రాళ్లు, భజన బృందంలో కొత్త సందడి కావాలనుకునే పెద్దలు, ఎవరైనా ముందు అడిగేవి రెండే: ఎంతవుతుంది, ఏది సులువు? అడగాల్సినవే. కానీ తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు వీటికంటే ముందు ఇంకోటి అడగాలి. ఆ వాద్యం మూతికి ఏం కట్టారు, దాన్ని దేనితో బిగించారు?

మే నెలలో ఇక్కడ గోడలు కూడా సెగలు కక్కుతాయి. నవంబర్ తుపాను పట్టిందంటే బీరువాలో మడత పెట్టిన బట్టలకు సైతం ముసురు వాసన పడుతుంది. తోలు ఆరితే బిగుస్తుంది, తేమ తగిలితే సాగుతుంది. షాపులో ఖంగుమన్న వాద్యం ఇంటికొచ్చిన నెలకే డబడబమంటే, అది మోసమే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు అది వాతావరణం చేసే పనే. కొనేటప్పుడే ఆ లెక్క వేసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

మెట్టు 1: ఏది ఎలా బిగుస్తుందో తెలుసుకోండి

భరతుడి నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిర అని నాలుగు తెగలుగా విడదీసింది. తీగలవి, తోలు కప్పినవి, ఒంటితోనే మోగేవి, ఊదేవి. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు ప్రపంచ వాద్యాలన్నిటికీ చేసిన వర్గీకరణలోనూ మొదటి అంచెలో ఉన్నవి ఈ నాలుగే. మనకు ఇక్కడ కావాల్సినవి రెండు: తోలు కప్పిన అవనద్ధాలు, కొడితే తామే మోగే ఘనవాద్యాలు.

తోలు వాద్యాల్లో అసలు తేడా బిగింపులో ఉంది. మన వైపు పలక అనే డప్పుకు చట్రానికి తోలును అంటించి ఆరబెడతారు. ఒకసారి ఆరాక దాన్ని బిగించే మర లేదు, తాడూ లేదు, మంట సెగ ఒక్కటే దారి. కంజీర కూడా అదే జాతి. జపాన్‌లో నగాడో తైకో అనే పెద్ద డోలుకు ఎద్దు తోలును లాగి చుట్టూ మేకులు దిగ్గొడతారు, శృతి అక్కడితో ఖాయం. మృదంగం, తబలా, డోలు, మాలి, గినీ దేశాల జెంబే, ఇవన్నీ వార్లతోనో తాళ్లతోనో లాగి కట్టినవి. వీటిని సరిచేసుకోవచ్చు, కానీ చెయ్యి తిరగాలి. నైజీరియాలో యొరుబా వాళ్ల దుందున్‌కు రెండు మూతుల మధ్య తాళ్లుంటాయి. చంకలో పెట్టి నొక్కినకొద్దీ శృతి పెరిగి మాట పలికినట్టే పలుకుతుంది. మన బుడబుక్కలాయన డమరుకంలో ఉన్నదీ ఆ సూత్రమే. ఇక మరలతో బిగించేవి అరబ్బు దేశాల్లో వాయించే గిన్నె ఆకారపు దర్బుకాలు (నేటివి), నట్టు బోల్టు మృదంగాలు. స్పానర్ తిప్పడం వస్తే చాలు.

తోలు లేనివి వేరే లోకం. ఘటం, చెక్కభజన చెక్కలు, తాళాలు, పెరూ దేశపు చెక్కపెట్టె కహోన్, ట్రినిడాడ్‌లో నూనె పీపాల అడుగుభాగం నుంచి పుట్టిన స్టీల్‌పాన్. వానొచ్చినా ఎండొచ్చినా ఇవి పెద్దగా చలించవు.

మెట్టు 2: ఎందుకోసమో, ఎవరి దగ్గరో తేల్చుకోండి

గురువు దొరకని వాద్యం కొనకండి. వీడియోలు చూసి దెబ్బలు నేర్చుకోవచ్చు గానీ, మణికట్టు తప్పుగా తిరుగుతోందని వీడియో చెప్పదు. తిరుపతి వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. తితిదే నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో మృదంగం చెబుతారు. నాదస్వరం, డోలు కోసం విడిగా పాఠశాలే ఉంది. కచేరీ సంగీతం మీద మనసుంటే మృదంగంతో మొదలుపెట్టడమే మేలు. దాని మీద కుదిరిన చెయ్యి కంజీరకూ ఘటానికీ తొందరగా మళ్లుతుంది. ఘటంతో మొదలుపెట్టినవాళ్లకు మృదంగం అంత తేలిగ్గా రాదు.

పలక నేర్చుకోవాలంటే వాయించే కుటుంబాల దగ్గరికే వెళ్లాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఆ దరువు లేకపోతే వేషం అడుగు పడదు. అయినా దాన్ని వాయించేవాళ్లను ఇంటి బయట నిలబెట్టి, చేతిలో ఇంత పెట్టి పంపేయడం మనకు బాగా అలవాటు. నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లు ‘అన్నా’ అని పిలిచి, కూర్చోబెట్టి, మృదంగం మాస్టారికి ఎంత ఇస్తారో అంతే ఫీజు ఇవ్వాలి. అందులో బేరం వద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ సరదాగా స్నేహితుల గిటార్‌తో వాయించుకోవాలంటే నా ఓటు కహోన్‌కు, ఆ తర్వాత ప్లాస్టిక్ మూతి ఉన్న అల్యూమినియం దర్బుకాకు. జెంబే చూడ్డానికి బాగుంటుంది, ఫొటోల్లో ఇంకా బాగుంటుంది. కానీ మేకతోలు జెంబేకు తాళ్లు బిగించేవాళ్లు మన ఊళ్లలో దొరకడం కష్టం. కుప్పం వాళ్లకు బెంగళూరు దగ్గర కాబట్టి పరవాలేదు. భజన బృందానికైతే ఖర్చు పెట్టకముందు చెక్కలు పట్టించండి. చెక్కభజనలో చేతితోపాటు అడుగు కూడా తాళంలో పడుతుంది. లయ కుదరడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

మెట్టు 3: షాపులో పరీక్షించండి

మృదంగం ముందు కొయ్య చూడాలి. పనస చెక్క, ఒకే దుంగను తొలిచింది కావాలి. బరువుగా ఉండటం మంచిదే. ఒక మూతిని వెలుతురు వైపు పెట్టి పగులు వెదకడం కుదరదు, రెండు వైపులా మూసే ఉంటాయి కదా. అందుకని వార్ల మధ్య కనిపించే కొయ్యంతా వేలితో తడమండి. లక్క, మైనం నింపి రంగు వేసిన చోట గోరుకు నునుపు తేడా తెలుస్తుంది. తర్వాత కొయ్యను వేలి కణుపుతో తట్టండి. పగులుంటే మోత పొడిగా, చప్పగా వస్తుంది.

కుడి మూతి మీద నల్లటి కరణి ఉంటుంది కదా, వాద్యం ప్రాణం అదే. ఇనుప రాయి పొడిని అన్నం ముద్దలో కలిపి, పొర మీద పొర రుద్దుతూ, ఆరబెడుతూ వేస్తారు. మామూలు తోలు మూతిని కొడితే వచ్చే అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) ఒకదానితో ఒకటి పొత్తు కుదరవు. అందుకే చాలా డప్పులకు ఫలానా స్వరం అని చెప్పలేం. మధ్యలో ఈ బరువు పెట్టడంతో ఆ అనుస్వరాలు వరసలోకి వచ్చి తీగ వాద్యంలా స్వరం పలుకుతుంది. సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది ఈ సంగతే. మన చర్మకారులు కంటితో, చెవితో పట్టుకున్న దాన్ని ఆయన లెక్కలో చూపించారు.

కాబట్టి కరణిని దగ్గరగా చూడండి. పైన సన్నటి గీతల వలలా కనిపించడం సహజం, అది ఉండాలి కూడా. పెళ్లలు లేచి ఉండకూడదు, అంచు దగ్గర పొడి రాలకూడదు. వేలితో మెల్లగా అద్దితే వేలికి నల్లగా అంటితే ఆ మూతికి ఆయుష్షు అయిపోవచ్చిందని. చాపు అనే మోగే దెబ్బ వేసి వినండి. జీర (సన్నటి ఝంకారం) ఉండాలి గానీ, గరగర ఉండకూడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరి పక్కన వాయించబోతున్నారు? సాధారణంగా మగవాళ్లు హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి, ఒకటిన్నర, రెండు శృతుల్లో పాడతారు. ఆడవాళ్లు అయిదు, అయిదున్నర, ఆరు. ఒకే మృదంగం రెండిటికీ సాగదు. తగ్గు శృతికి పొడవాటిది, సుమారు 24 అంగుళాలది, హెచ్చు శృతికి 22 అంగుళాల దగ్గరది తీసుకుంటారు. తగ్గు శృతి మృదంగాన్ని బలవంతంగా అయిదు దాకా లాగితే మూతి చిరుగుతుంది. పిల్లల కోసమైతే గురువుగారి దగ్గర ఏ శృతిలో చెబుతారో కనుక్కుని అదే కొనండి. కొన్నాక మూతులు మార్చడం, కరణి వేయడం వంటి పనులకు చెన్నై వెళ్లాల్సి రావచ్చు. తిరుపతి నుంచి 140 కిలోమీటర్ల లోపే, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. నట్టు బోల్టు రకం ఇంటి సాధనకు హాయి. కచేరీకి మాత్రం చాలామంది విద్వాంసులు వార్ల మృదంగాన్నే కోరతారు.

కంజీర కొనేటప్పుడు ఒక హెచ్చరిక. పాతకాలం కంజీరకు ఉడుము తోలు వాడేవారు, నాదం కోసం ఇప్పటికీ కొందరు అదే కావాలంటారు. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. ఆ తోలు కొన్నా, అమ్మినా కేసే. ఎవరైనా గుసగుసగా ‘ఒరిజినల్ ఉంది’ అంటే అక్కణ్ణించి కదలండి. మేకతోలువి, సింథటిక్ మూతులవి దొరుకుతున్నాయి, నేర్చుకోవడానికి అవి ధారాళంగా సరిపోతాయి.

ఘటానికి శృతి పెట్టే వీలు దాదాపు లేదు. కాలినప్పుడు ఏ స్వరం పడిందో అదే. అందుకే ఘటం విద్వాంసుల ఇంట్లో ఒక్కో శృతికి ఒక్కో ఘటం వరసగా ఉంటాయి. తమిళనాడు మానామదురై ఘటం బరువు, గోడ మందం, మోత గట్టి. చెన్నైలో దొరికేవి తేలిక. పలమనేరు వైపు టెర్రకోట పనివాళ్ల చేతిలో మంచి కుండలే వస్తాయి, కానీ నీళ్ల కుండను ఘటంలా వాయిస్తే పగలడం ఖాయం. సరదా పడితే వాళ్ల చేత పక్కన రంధ్రం పెట్టించి నైజీరియా ఇగ్బోల ‘ఊడు’ లాంటిది చేయించుకోవచ్చు. రంధ్రం మీద అరచేత్తో కొట్టి తీస్తే లోపలి గాలి బూమ్ అంటుంది. అన్నట్టు, ఇవాళ ప్రపంచమంతా తిరుగుతున్న, చేతులతో వాయించే ఉక్కు వాద్యం హ్యాండ్‌పాన్‌కు మూలమైన ‘హాంగ్’ 2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో తయారైంది. దానికి ప్రేరణ మన ఘటమే. స్వరాలు పలికే ఘటం కావాలని ఒక వాద్యకారుడు అడిగితే, స్టీల్‌పాన్ చేసేవాళ్లు పుట్టించింది అది.

జెంబే అయితే లోపలికి చెయ్యి పెట్టి చూడండి. ఒకే దుంగను చెక్కిందైతే ఉలి గాట్లు తగులుతాయి. ముక్కలు అతికించినవాటికి అతుకు గీతలు తగులుతాయి. మూతి అంచు గుండ్రంగా ఉండాలి, పదునుంటే అరచెయ్యి కమిలిపోతుంది. దర్బుకాలోనూ ఇదే తేడా: ఈజిప్టు రకానికి అంచు గుండ్రం, టర్కీ రకానికి మరలు పైకి కనిపిస్తూ అంచు పదును. మొదటిసారికి ఈజిప్టు రకమే.

మెట్టు 4: శృతి చేయడం

ఇక్కడ తొందర పనికిరాదు. మృదంగం ముందు తీసుకుందాం.

తంబూర యాప్ ఆన్ చేసి, మీ షడ్జమం (స) పెట్టి, ఒక నిమిషం ఊరికే వినండి. చెవి కుదిరాక, కుడి చేతి ఉంగరం వేలును కరణి అంచున తేలిగ్గా ఆనించి, చూపుడు వేలుతో మూతి అంచు మీద మీటండి. వచ్చే స్వరాన్ని షడ్జమంతో పోల్చండి. మూతి చుట్టూ తోలు జడ అల్లి ఉంటుంది, దానికి 16 కన్నులు. మృదంగాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, ఎదురెదురుగా ఉన్న చోట్ల మీటుతూ వెళ్లండి. ఎక్కడో ఒకచోట స్వరం రవ్వంత దిగి ఉంటుంది, ఇంకోచోట ఎక్కి ఉంటుంది.

దిగిన చోట, జడ మీద చిన్న కొయ్య ముక్క ఆనించి, రాయితో పై నుంచి, అంటే మూతి వైపు నుంచి వార్ల వైపుకు, ఒక్క దెబ్బ. గట్టిగా కాదు. మళ్లీ మీటి వినండి. జడ కిందికి జరిగితే తోలు బిగిసి స్వరం ఎక్కుతుంది. ఎక్కిన చోట కింది నుంచి పైకి, మూతి వైపుకు తడితే దిగుతుంది. ఒక చోట సరిచేస్తే దాని ఎదురు చోటు కూడా కదులుతుంది కాబట్టి, ఎప్పుడూ ఎదురెదురు జంటగా చూసుకోవాలి. చుట్టూ అన్నిచోట్లా ఒకటే స్వరం పలికితే మృదంగం ‘కలిసింది’. రాయి జారి కరణి మీద పడిందంటే వేల రూపాయల మాట. ఎడమ అరచేతిని మూతికి అడ్డంగా పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మొత్తం స్వరమే అర స్వరం, ఒక స్వరం తేడాగా ఉంటే జడ మీద తట్టడంతో పని కాదు. అప్పుడు వార్లే లాగి బిగించాలి. మొదటి ఏడాది దాన్ని గురువుకో, పనివాడికో వదిలేయండి.

ఎడమ వైపు మంద్ర షడ్జమం రావాలి. దానికి రవ్వ ముద్ద. ఉప్మా రవ్వలో కొద్దిగా నీళ్లు పోసి, నాననిచ్చి, చేతికి అంటనంత వరకు పిసకండి. ఎడమ మూతి మధ్యలో తడి వేలితో అద్ది, అరచేతి గుంటలో పట్టేంత ముద్దను గుండ్రంగా ఒత్తండి. అంచులు పల్చగా కలిసిపోవాలి. అంచు లేచి ఉంటే వాయిస్తుండగానే ఊడొస్తుంది. ముద్ద పెరిగితే స్వరం దిగుతుంది, చిటికెడు తీస్తే ఎక్కుతుంది. వాయించడం అయిపోగానే తీసేసి తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడే కవరు తొడగాలి. రాత్రికి వదిలేశారా, తెల్లారేసరికి బొద్దింకలో ఎలుకలో రవ్వతోపాటు తోలు కూడా రుచి చూసి పోతాయి.

కంజీరకు లోపలి వైపు నుంచి తడి వేళ్లతో తోలు మీద నీళ్లు చల్లి కాసేపు ఆగాలి. తోలు నాని సాగి గంభీరమైన స్వరం వస్తుంది. ఎక్కువ నానితే చచ్చుబడిపోతుంది, అప్పుడు ఆరేదాకా ఆగడం తప్ప ఏమీ చెయ్యలేం. అందుకే కచేరీల్లో కంజీర వాయించేవాళ్ల పక్కన చిన్న గిన్నెలో నీళ్లుంటాయి.

పలకకు దీనికి పూర్తిగా తలకిందులు. వాయించే ముందు వరిగడ్డో కాగితాలో మంట వేసి, తోలును సెగకు దూరంగా తిప్పుతూ కాచాలి. ఒకేచోట నిలిపితే మాడి బిరుసెక్కుతుంది. వేళ్లతో తట్టుతూ, టంగ్ అనేదాకా తిప్పుతూనే ఉండాలి. గంగజాతర రోజుల్లో వీధి మలుపుల్లో ఒక్క క్షణం ఆగి చూడండి, ఎంత దూరంలో పట్టుకుంటున్నారో, ఎంతసేపటికి మళ్లీ కాస్తున్నారో అన్నీ అక్కడే తెలుస్తాయి. ఈ మంట పద్ధతి కరణి ఉన్న ఏ వాద్యానికీ వాడొద్దు. కరణి నెర్రెలు విచ్చిపోతుంది.

జెంబే తాళ్లలో నిలువు తాళ్లను ఒకదాని మీద ఒకటి మెలివేసి లాగే అడ్డముడి వరసలుంటాయి. ఒక్కో ముడి పెరిగినకొద్దీ స్వరం ఎక్కుతుంది. రోజుకు కొన్ని ముళ్లే వేసి, ఒక రాత్రి తోలును స్థిరపడనివ్వండి. దర్బుకా గురించి చెప్పడానికి ఏముంది, ఎదురెదురు మరలు పావు చుట్టు చొప్పున తిప్పడమే.

మెట్టు 5: ఎండా వానా

వేసవిలో వాద్యాన్ని కారులో వదలకండి. పార్కింగ్‌లో గంట చాలు, తోలు బిగిసి మూతి చిట్లడానికి. ఇంట్లో కూడా మేడ మీది గది కంటే కింది గది మేలు. ఎండాకాలంలో చాలారోజులు వాయించకపోతే శృతిని కాస్త దించి ఉంచండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో సమస్య తిరగబడుతుంది. శృతి దిగిందని ప్రతిరోజూ రాయి పట్టుకుని బాదుతూ పోతే, జనవరిలో గాలి ఆరగానే తోలు విపరీతంగా బిగుస్తుంది. వానాకాలంలో బిగించినదంతా పొడి రోజులు రాగానే మళ్లీ దించాలి, చాలామంది మరిచేది ఇదే. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కవర్లో వేయండి. బూజు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచి నీడలో గాలి తగలనివ్వండి. నూనె రాయకండి, ఎండలో పెట్టకండి.

వేదిక మారినా ఇదే గోల. మహతి ఆడిటోరియం లాంటి ఏసీ హాల్లో గాలి పొడిగా ఉండి శృతి ఎక్కుతుంది. తిరుమలలో నాదనీరాజనం వేదిక ఆరుబయట ఉంటుంది, కొండ మీద చలి, మంచు తేమ. కింద కలిపిన శృతి పైకెళ్లేసరికి అలాగే ఉంటుందనుకోవద్దు. ఎక్కడికైనా కనీసం అరగంట ముందు చేరి, సంచీ తెరిచి, వాద్యాన్ని ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు రాయి తీయండి.

మెట్టు 6: చేతికి ముందు నోరు

మృదంగం పాఠం ‘త ధి తోం నం’ అనే జతులతో మొదలవుతుంది. చేతికంటే ముందు నోటికి రావాలి. ఇది మన దగ్గర మాత్రమే ఉన్న పద్ధతి అనుకుంటాం. జపాన్ తైకో వాళ్లు పెద్ద దెబ్బకు ‘దొన్’, రెండు వడి దెబ్బలకు ‘దోకో’, అంచు మీద దెబ్బకు ‘కా’ అని పలికి నేర్చుకుంటారు. అరబ్బు దేశాల్లో దర్బుకాకు మధ్యలో దెబ్బ ‘దుం’, అంచున ‘టెక్’. నైజీరియాకు చెందిన బాబాతుండే ఒలాతుంజి అమెరికాలో నేర్పేటప్పుడు గున్-దున్, గో-దో, పా-తా అని చెప్పేవారు: మొదటి జంట బేస్ (మధ్యలో లోతైన దెబ్బ), రెండోది టోన్ (అంచున తేట దెబ్బ), మూడోది స్లాప్ (చట్‌మనే దెబ్బ). అంటే వాద్యం చేతికి రాకముందే మీరు సాధన మొదలుపెట్టొచ్చు, ఆర్టీసీ బస్సులో కూడా.

ఆది తాళం వేయడం వస్తే దాని మీద బయటి దేశాల లయలు కూర్చుకోవడం సులువు. ఎనిమిది క్రియలు తెలుసు కదా: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నెమ్మదిగా తాళం వేస్తూ క్రియకు రెండు అక్షరాల చొప్పున ‘దుం టెక్ – టెక్ దుం – టెక్ –’ అనండి. గీత ఉన్నచోట మౌనం. ఇది ఈజిప్టు సంగీతంలో ఎక్కడ చూసినా వినిపించే మక్సూం అనే లయ. నాలుగు క్రియల్లో ఒకసారి, ఒక ఆవర్తంలో రెండుసార్లు వస్తుంది. మొదటి టెక్ రెండో అక్షరం మీద, రెండు క్రియల నడుమ పడుతుంది. కొత్తవాళ్లు దాన్ని ముందుకో వెనక్కో లాగేస్తారు. ‘తక తక’ అని లోపల అనుకుంటూ ఉంటే నిలబడుతుంది.

పశ్చిమ ఆఫ్రికా లయల్లో చాలావాటికి పన్నెండు అక్షరాల చుట్టు ఆధారం. మనకది తకిట నాలుగుసార్లు, తిశ్ర నడక. ఇద్దరు కూర్చోండి. ఒకరు పన్నెండులో ప్రతి మూడో అక్షరానికి చప్పట్లు కొట్టాలి, ఇంకొకరు ప్రతి నాలుగో అక్షరానికి. ఒకరు నాలుగు, ఒకరు మూడు చప్పట్లు కొట్టి మొదటి అక్షరం దగ్గర కలుస్తారు. మొదట్లో ఒకరి చప్పట్లు ఇంకొకరిని లాగేసుకుంటాయి, నవ్వులతో ఆగిపోతారు. పన్నెండు అక్షరాలూ ఇద్దరూ గట్టిగా పలుకుతూ చేస్తే దారికొస్తుంది.

స్కూల్లో పిల్లల బృందం చేయాలనుకునే టీచర్లు వాద్యాలు కొనకుండానే మొదలుపెట్టొచ్చు. అమెరికాలో తైకో బృందాలు పాత కారు టైర్ల మీద సాధన చేస్తాయి. టైరు మీద ప్యాకింగ్ టేపు అడ్డంగా, నిలువుగా లాగి అంటిస్తే మూతి సిద్ధం. కర్రలకు పాత చీపురు కర్రలు కోయించండి. టైర్లు తిరుపతిలో ఏ మెకానిక్ షెడ్డులోనైనా ఊరికే ఇస్తారు.

మెట్టు 7: వడ్రంగి చేత కహోన్ చేయించుకోవడం

పెరూ తీరంలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషులు సరుకుల పెట్టెల మీద వాయిస్తూ పుట్టించిన వాద్యం కహోన్. 1970ల చివర స్పెయిన్ గిటార్ విద్వాంసుడు పాకో దె లుసియా పెరూ రాజధాని లిమాలో దాన్ని చూసి, తమ స్పెయిన్ సంప్రదాయ సంగీతమైన ఫ్లమెంకోలోకి తీసుకెళ్లాడు, అక్కణ్ణించి లోకమంతా పాకింది. 2001లో పెరూ ప్రభుత్వం దాన్ని జాతి వారసత్వంగా ప్రకటించింది. మన వాతావరణానికి ఇంత నప్పే వాద్యం ఇంకోటి లేదు, పైగా వీధి చివర వడ్రంగి చేసిపెట్టగలడు.

కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు 12, లోతు 12. పక్కలు, పై పలక, అడుగు పలక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. వెనక 6 మిల్లీమీటర్లు, దాని మధ్య అయిదు అంగుళాల గుండ్రటి రంధ్రం. ముందు వాయించే పలక 3 మిల్లీమీటర్లది. ఈ చివరి దాని దగ్గరే వడ్రంగితో వాదన వస్తుంది. ‘ఇంత పల్చనిదైతే విరిగిపోతుంది సార్, ఆరు వేస్తా’ అంటాడు. ఒప్పుకోవద్దు, ఆరు వేస్తే అది స్టూలు అవుతుంది. కూర్చునే బరువు మోసేది పక్కలూ పై పలకా. కాబట్టి ఆ అతుకులకు ఫెవికాల్, లోపల మూలల్లో చెక్క బద్దీలు, గట్టిగా పెట్టించండి.

పక్కలు, వెనక పలక జిగురుతో బిగించాక ఒక రోజు ఆరనివ్వాలి. ముందు పలకను జిగురుతో అంటించనే కూడదు, మరలతోనే. అడుగునా పక్కలకూ రెండేసి అంగుళాలకు ఒక మర. పైన రెండు మూలల దగ్గర మాత్రం మరలు కొంచెం వదులు. ఆ మూలల్లో వేళ్లతో కొడితే పలక చట్రానికి తగిలి చట్‌మంటుంది, స్లాప్ అదే. అంచులన్నీ ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దించండి, పై అంచు మరీ ముఖ్యం. అడుగున నాలుగు రబ్బరు కాళ్లు.

ఫ్లమెంకో రకం జీర కావాలంటే, పాత గిటార్ తీగలు రెండు తీసుకుని ముందు పలక లోపలి వైపు పై నుంచి కిందికి ఆనేలా కట్టాలి. తీగ పలకను తాకీ తాకనట్టు ఉండాలి. గట్టిగా ఆనితే మోత చస్తుంది, దూరమైతే జీర రాదు. ముందు పలక బిగించకముందే ఇది చూసుకోవాలి, లేకపోతే మరలన్నీ మళ్లీ ఊడదీయాలి.

పైన కూర్చుని కాస్త వెనక్కి వాలండి. పై అంచు నుంచి ఒక జానెడు కింద అరచేయి వేసి వెంటనే తీస్తే బేస్. పై అంచున వేళ్లతో వేస్తే స్లాప్. ఒక వారం వాయించాక చెక్క సర్దుకుని కొన్ని మరలు వదులవుతాయి. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ బిగించుకుంటూ రండి, పైన రెండు మూలల దగ్గర మాత్రం బిగించే ముందు ఒకసారి కొట్టి వినండి.